మాలకొండయ్య అతికినవి

అతుకుల రిజిస్టరు. రాస్తున్నది: రవణమ్మ. సరుకుల ఓడలు రావడం మానిన అరవై ఒకటో ఏడు.

212వ రోజు

పొద్దున అంబలి తాగుతుంటే గిన్నె పిడి చేతిలో ఉండిపోయింది, గిన్నె ఒళ్ళో పడింది. నా కూతురు పెంచలికి పన్నెండేళ్ళు, తల్లి ఒళ్ళు కాలితే నవ్వే వయసు. నవ్వి, తర్వాత తుడిచింది. అంబలి సంగతి రిజిస్టరుకు అక్కరలేదు కానీ ప్రతి అతుకు పుట్టుకా చావూ రాయాలన్నది నియమం. వస్తువు: గిన్నె పిడి. అతికింది: మాలకొండయ్య, పదకొండేళ్ళ కిందట. ఊడిన కారణం తెలియదు.

మా ఇంట్లో అతుకులన్నీ నాకు పని నేర్పిన మాలకొండయ్యవే. అతికేవాళ్ళు సొంత ఇంటివి అతుక్కోకూడదని ఆయనే పెట్టిన కట్టు. నేల కింది ఈ సొరంగాల్లో సగం ఇళ్ళకు నేను అతుకుతాను, నా గిన్నెకు మాత్రం ఇంకొకరిని బతిమాలాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. ఇప్పుడు బతిమాలదామన్నా ఆయన లేడు. నిన్ననే పదకొండో రోజు దినం పెట్టాం.

డెబ్బై నాలుగేళ్ళు బతికి, ఊరంతా తన పనితనమే చెప్పుకునేలా చేసుకున్న మనిషి, గిన్నె పిడి ఒకటి గట్టిగా అతకలేకపోయాడా అని తిట్టుకున్నాను. పోయినవాళ్ళని అనకూడదు. అన్నాను కాబట్టి రాస్తున్నాను.

213వ రోజు

పొద్దున దీపాలు వెలిగేసరికి గుమ్మం ముందు జనం. కుంటి మేక గిట్ట ఊడింది. మూడో సొరంగంలో నిమ్మచెట్టుకు కట్టిన అంటు విడిపోయింది. బడి గంట నాలుక రాలింది. నీళ్ళ గొట్టం కీలు వదిలేసి పది బిందెల నీళ్ళు నేల పాలయ్యాయి. అందరికంటే వెనక మాలకొండయ్య అక్క ఓబుళమ్మత్త వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఎవరి చెంబులో నీళ్ళూ తాగదు, తన చెంబు ఎవరినీ తాకనివ్వదు. అరచెయ్యి తెరిచి తన ముందరి పన్ను చూపించింది.

"నా తమ్ముడు పోయి పన్నెండు రోజులు కాలా. వాడి చేతి పనంతా వాడి ఎనకాలే పోతా ఉంటే ఏందమ్మా అర్థం?" అంది.

ముసలి మాటలని కొట్టిపారేసి పనిలో పడ్డాను. కుండలోంచి ఉసిరికాయంత బంక తీసి నోట్లో వేసుకుని నమిలాను. కుండలో ఉన్నంతసేపూ అది పాచి ముద్ద. ఉమ్ము తగిలితేనే లేస్తుంది. మొదట ఎవరి నోట్లో పడితే వాళ్ళదైపోతుంది, ఇక ఇంకొకరి బంకతో కలవదు. లేచిన బంక రాతికీ ఇనుముకూ, ఎముకకూ కండకూ ఒకేలా పట్టుకుంటుంది. కొత్త వస్తువన్నది పుట్టని ఊళ్ళో మేము ముప్ఫై ఏళ్ళుగా బతుకుతున్నది దీని మీదే. ఊరందరికీ ఎంగిలంటే రోత, అతికేవాళ్ళ ఎంగిలి మాత్రం కళ్ళు మూసుకుని ఒప్పుకుంటారు.

మేక గిట్టా గొట్టమూ పాత బంక పూర్తిగా గీకేసి అతికాక పద్దు రాయడానికి కూర్చున్నాను. మేక, నిమ్మచెట్టు, గంట, గొట్టం, పన్ను. ఒకదానికి ప్రాణం ఉంది, ఒకదానికి లేదు. ఒకటి నిరుటిది, ఒకటి ముప్ఫై ఏళ్ళ నాటిది. ఒకటి తడిలో ఉండేది, ఒకటి పొడిలో. వీటన్నిటికీ ఉమ్మడిగా ఏముందని పాత పద్దులు తిరగేస్తే, ప్రతి దానికీ పక్కన ఒకటే పేరు. నేను అతికినది ఒక్కటీ ఊడలేదు. ఓబుళమ్మత్త అన్నదే నిజం.

గెలిచినట్టు అనిపించింది, సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆయన పని ఊడింది, నా పని నిలిచిందని ఒక్క క్షణం సంతోషపడ్డాను. ఆ తర్వాత పుట తిప్పాను. ఆరేళ్ళ కిందటి పుట. వస్తువు: పెంచలి గుండెలో తలుపు. అతికింది: మాలకొండయ్య.

పెంచలి పక్కనే కూర్చుని జడ అల్లుకుంటోంది.

214వ రోజు

డాక్టర్ మస్తాన్‌బీ పెంచలి రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత దాన్ని మంచినీళ్ళు తెమ్మని బయటికి పంపింది.

"ఇంకా ఊడలా రవణక్కా. మెత్తబడింది. తలుపు సరిగ్గా పడక నెత్తురు ఎనక్కి కారతా ఉండాది."

బయటి వస్తువులు వెంటనే ఊడుతున్నాయి, ఒంట్లోని అతుకులను నెత్తురు కొంతకాలం కాపాడుతోంది, అంతే తేడా అని చెప్పింది. ఓబుళమ్మత్త తుంటిలో ఎముక కూడా అలాగే మెత్తబడి ఇవాళ నిలబడలేకపోయిందట. ఎన్నాళ్ళని అడిగాను. పది రోజులంది. మళ్ళీ కోసి నా బంకతో అతకమన్నాను, ఇంటి కట్టు గంగలో కలవనీ అన్నాను. ఆరేళ్ళ కిందట గుండెను ఆపి నెత్తురు తిప్పిన యంత్రం పాడై రెండేళ్ళయిందని గుర్తు చేసింది. పైగా నా బంక ఆయన బంక మీద పడితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. అది నాకూ తెలుసు. తెలిసీ అడిగాను.

దాని నాన్న సొరంగం పైన రాతి పనిలో పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు ఇది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంటికొచ్చే దారిలో పెంచలి రెండుసార్లు ఆగింది. అలిసిపోలేదని చెప్పింది. గోళ్ళు చూశాను, నేరేడు రంగు తిరుగుతున్నాయి.

215వ రోజు

అతుకు ఎందుకు మెత్తబడుతోందో తెలిస్తే ఆపవచ్చు. అందుకని నిన్నటి నుంచి మాలకొండయ్య చేతిరాత చదువుతున్నాను. ఆయన మాట ఎంత పొదుపో రాత అంతే పొదుపు. పన్నెండేళ్ళ కిందటి పుటలో ఇది దొరికింది: "దగ్గు వచ్చిందని నన్ను తొమ్మిది రోజులు విడి గదిలో పెట్టారు. రెండో రోజుకే నా అతుకులన్నీ చెమట పట్టాయి. బయటికి వచ్చాక సర్దుకున్నాయి. కారణం తెలియలేదు."

విడి గదికి విడి గాలి, అన్నానికి తలుపు తీసినప్పుడు కాస్త బయటికి వచ్చి ఉంటుంది, అంతే. మిగతా సొరంగాలన్నిటికీ ఒకటే గాలి, పంకాలు దాన్నే తిప్పి తిప్పి మూడు వందల మందికీ పెడతాయి.

నాలుగుసార్లు చదివాను. బంక మా నోట్లో కూడా ఉంటుంది, రోజూ నమిలేవాళ్ళం కదా. నోట్లోని తల్లి బంక ఏదో వదులుతుంది, అది ఊపిరితో బయటికి వచ్చి గాలిలో తిరుగుతుంది, గిన్నెలో ఉన్న పిల్ల బంక దాన్ని పీల్చి బతుకుతుంది. మేకకూ గంటకూ నిమ్మచెట్టుకూ నా బిడ్డ గుండెకూ ఉమ్మడిగా ఉన్నది మాలకొండయ్య ఊపిరి. ఆయన నడవలో నడుస్తూ, నిద్రపోతూ, నన్ను కసురుతూ వదిలిన గాలి మీద ఇన్ని నిలబడి ఉన్నాయి. ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. బంక కనిపెట్టింది ఆయనే, అతికేవాళ్ళలో మొదట పోయిందీ ఆయనే. అందుకే ఎప్పుడూ బయటపడలేదు.

ఇంకో సంగతీ తట్టింది. నేను పోయిన రోజు మిగతా సగం ఊరు కూడా ఇలాగే ఊడిపోతుంది.

కానీ లెక్క ఒకచోట కుదరడం లేదు. విడి గదిలో పెట్టిన రెండో రోజుకే అతుకులు చెమట పట్టాయని రాశాడు. పోయాక మాత్రం పదకొండు రోజులు ఒక్క అతుకూ కదలలేదు. ఆ పదకొండు రోజులు ఆయన బదులు ఊపిరి వదిలింది ఎవరు?

ఆయన ఎంగిలి తిన్నవాళ్ళు ఎవరైనా ఉండాలి. ఉంటే ఆయన బంక వాళ్ళ నోట్లో ఉంటుంది. ఊళ్ళో అడగడం మొదలుపెట్టాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. తన గ్లాసును పక్కవాడు చూస్తేనే కడుక్కునే మనిషి ఆయన. నాకు పని నేర్పిన మొదటి రోజు కూడా కుండలో బంకను పుల్లతో తీసి అరచేతిలో వేశాడు, వేలు తగలనివ్వలేదు.

216వ రోజు

పెంచలి ఇవాళ మంచం దిగలేదు. నేను ఊడినవి లెక్కపెట్టడం ఆపి, ఊడనివి వెతకడానికి బయలుదేరాను. ఆయన పద్దు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మధ్యాహ్నానికి ఒక్కచోటే దొరికాయి. కోళ్ళ కొట్టులో నీళ్ళ తొట్టి కీలు గట్టిగా ఉంది, తలుపు గొళ్ళెం గట్టిగా ఉంది, గూటి కర్ర గట్టిగా ఉంది. మూడూ మాలకొండయ్య అతికినవే.

కొట్టు చూసుకునే తిరుపాలును అడిగాను. అతను నేలచూపులు చూస్తూ, చెప్పకూడదని మాలకొండయ్య ఒట్టు వేయించుకున్నాడని నసిగాడు. పోయినాయనకు ఒట్టేమిటని కసిరితే చెప్పాడు.

"వాళ్ళింటామె పోయినకాణ్ణుంచీ ఒక్కడే తినలేక ఈడికొచ్చి తినేవాడక్కా. ఒక ముద్ద తను తినడం, ఒక ముద్ద నమిలి కోళ్ళకు పెట్టడం. కంచంలో ముక్కు పెట్టినా ఏమనేవాడు కాదు. నాలుగేళ్ళు అట్టనే తిన్నాడు."

ఆయన కోళ్ళు ఎన్ని అని అడిగాను. పద్నాలుగు అన్నాడు. ఎక్కడ అని అడగబోయి ఆగిపోయాను.

దినం భోజనాలు పెట్టించింది నేను. శిష్యురాలిని కాబట్టి నా బాధ్యత. ఆయన కోళ్ళు ఆయన దినానికే పోవాలని ఓబుళమ్మత్త అంది, అదే మర్యాదని నేనూ తలూపాను. ఎన్ని కోయాలో వేళ్ళతో చూపించాను. పులుసు బాగా కుదిరిందని రెండోసారి వడ్డించుకున్నాను. పెంచలికి కాలు ముక్క నేనే ఏరి పెట్టాను. నా బిడ్డ గుండెను పట్టి ఉంచిన ఊపిరిని నేనే కోయించి, వండించి, దాని చేతే తినిపించాను.

కొట్టులో గడ్డి మీద కూలబడ్డాను. తిరుపాలు నీళ్ళు తెచ్చిచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఆ ఆకులు కూడా కనిపించలేదు. కాసేపటికి తెలివి వచ్చి, పద్నాలుగూ పోతే ఈ గొళ్ళెం ఎలా నిలిచిందని అడిగాను. తిరుపాలు మూలనున్న గంప పక్కకు జరిపాడు. పొదుగుతున్న కోడిని కోయకూడదని దాన్నొక్కదాన్నీ దాచాడట, లెక్కకు తన ఇంటి కోడిని ఇచ్చాడట. ఒక్క కోడి ఊపిరి ఊరంతటికీ చాలలేదు, పక్కనున్న ఈ మూడు అతుకులకే చాలింది. ఎర్రటి కోడి, ఆరు గుడ్ల మీద కూర్చుని నన్ను కొరకొరా చూసింది.

దాని కాళ్ళ మీద పడాలనిపించింది. నిజంగానే నేలకు తల ఆనించాను.

217వ రోజు

కోడిని గంపతో, గుడ్లతో సహా పెంచలి మంచం కిందికి తెచ్చాం. తిరుపాలు దోవ పొడుగునా కదపకండని సణుగుతూనే ఉన్నాడు. గదికున్న గాలి కంతల్లో ఒక్కటి తప్ప అన్నీ మూయించాను, కోడి వదిలిన గాలి పెంచలి ముక్కులోకే పోవాలి.

ముసలమ్మ కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా అని సామెత. మా ఇంట్లో ఇప్పుడు నిజంగానే కోడి లేకపోతే తెల్లవారదు.

219వ రోజు

గోళ్ళు ఎర్రబడుతున్నాయి. మస్తాన్‌బీ గొట్టం పెట్టి విని, తన కొంగుతో నా మొహం తుడిచింది. నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియదు.

220వ రోజు

కోడి బతుకు ఎన్నేళ్ళు? తిరుపాలు ఇంకో మూడేళ్ళు అన్నాడు, అదీ తెగులు రాకపోతే. మూడేళ్ళకు నా బిడ్డకు పదిహేనేళ్ళు. నేనే కోడి ఎంగిలి తిని ఆయన బంకను నా నోట్లో పెట్టుకుందామనుకున్నాను. కానీ నా నోట్లో నాది ఉంది, రెండూ పొసగవు. ఇంకెవరి నోట్లోనో పెడితే వాళ్ళు పోయిన రోజు మళ్ళీ ఇదే కథ.

రాత్రంతా ఆలోచించి ఒకచోటికి వచ్చాను. దాని గుండె నిలబడవలసింది దాని ఊపిరి మీదే. అప్పుడు అది బతికున్నంత కాలమూ అతుకు బతుకుతుంది. ఇంత తేలిక సంగతి ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ తట్టకపోవడానికి కారణం ఒక్కటే, ఒకరి నోటిది ఇంకొకరు ముట్టకూడదన్న మా రోత.

పొద్దున పెంచలికి ఉన్నదున్నట్టు చెప్పాను. గుండె సంగతి, కోళ్ళ సంగతి, కాలు ముక్క సంగతి కూడా. పిల్ల మొహం పాలిపోయింది. నా వైపు చూడకుండా మంచం కిందికి వంగి కోడినే చూస్తూ కూర్చుంది. కోడి తిన్న గిన్నెలోనే తినాలా అని అడిగింది. తినాలన్నాను. ఎన్ని రోజులని అడిగింది. తెలియదన్నాను.

మొదటి ముద్ద కక్కేసింది. రెండోదీ కక్కింది. నేను గట్టిగా అరిచాను, తర్వాత కాళ్ళు పట్టుకున్నాను. మూడోది మింగింది.

226వ రోజు

గుడ్లు పగిలాయి. ఆరింటికి ఐదు పిల్లలు. పెంచలి ఇప్పుడు తల్లికోడితో పోటీపడి తింటోంది, అది ముక్కుతో పొడిస్తే తిరిగి వేలితో పొడుస్తోంది. ఊళ్ళో మా ఇంటి గుమ్మం తొక్కడం అందరూ మానేశారు. కోడి ఎంగిలి తినే ఇల్లని మాకు పేరు పడింది.

234వ రోజు

ఇవాళ తేల్చుకోవలసిన రోజు. పెంచలి నోట్లో బంక పట్టిందో లేదో తెలియాలంటే కోడిని తీసేయాలి. పట్టకపోతే గోళ్ళు చెబుతాయి. ఎంత దాకా చెబుతాయో, చెప్పాక కోడిని తెచ్చినా అతుకు తిరిగి గట్టిపడుతుందో లేదో మస్తాన్‌బీ మాట ఇవ్వలేకపోయింది. ఇంకో వారం ఆగుదామని నేనన్నాను. నిన్నా అదే అన్నాను, మొన్నా అదే అన్నాను.

"ఎన్నాళ్ళని కోడిని మంచం కోడుకు కట్టేసుకోను మా? ఇంకో వారం పోతే మళ్ళీ వారమంటావు," అంది పెంచలి. లేచి గంప తనే ఎత్తుకుంది. కోడిపిల్లలను ఒడిలో పోసుకుని విడి గదికి నడిచింది. ఆగకుండా నడిచింది, నేనే రెండుసార్లు ఆగాను. కోడినీ పిల్లలనూ లోపల పెట్టి తలుపు తనే బిగించింది. ఇప్పుడు వాటి గాలి వేరు, మా గాలి వేరు.

కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను. ఇంతకంటే రాయలేను.

236వ రోజు

రెండు రోజులైంది. గోళ్ళు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. మస్తాన్‌బీ మూడుసార్లు విన్నది, గుండెలో తలుపు చప్పుడు మొదటికంటే గట్టిగా ఉందంది. నాకు నమ్మకం కుదరకపోతే గొట్టం నా చెవిలో పెట్టింది. విన్నాను. టక్కున పడుతోంది.

సాయంత్రం ఊరిని పోగేసి చెప్పాను. మీ పళ్ళూ ఎముకలూ గొట్టాలూ నిలబడింది మా పనితనం మీద కాదు, మా ఊపిరి మీద అన్నాను. నా ఇళ్ళవాళ్ళు నా ఎంగిలి తినాలి, ఆయన ఇళ్ళవాళ్ళు నా కూతురిది తినాలి, అప్పుడు ఎవరి అతుకు వాళ్ళ ఊపిరితోనే బతుకుతుంది, ఎవరు పోయినా ఇంకొకరిది ఊడదు అన్నాను. ఒకాయన అక్కడే ఉమ్మేశాడు. ఆడవాళ్ళు ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. గుండెలో అతుకున్న పిల్లకంటే పరువే ఎక్కువైతే పరువుతోనే కట్టుకోండి గొట్టాలని తిట్టి వచ్చేశాను.

238వ రోజు

నిన్న ఎవరూ రాలేదు. ఇవాళ భోజనం వేళకు గుమ్మంలో చప్పుడైతే చూశాను. తిరుపాలు ఓబుళమ్మత్తను వీపు మీద మోసుకొచ్చాడు. ఆమెను దించి గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. తుంటి నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. కొంగు చాటు నుంచి తన చెంబు తీసింది, ఊళ్ళో ఎవరూ ముట్టని చెంబు. దాన్లో పెరుగన్నం ఉంది. పెంచలి ముందుకు జరిపింది.

ఆమె నా వైపు చూడనేలేదు.

"వాడి ఎంగిలి బతికుండగా నాకూ పెట్టలా, ఎవురికీ పెట్టలా. చిన్నప్పుడు జామకాయ కొరికితే కూడా ఇచ్చేవోడు కాదు. నువ్వన్నా పెట్టు తల్లా," అంది.

పెంచలి చెంబులో చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసుకుంది. సగం కొరికి నమిలింది, ఉప్పు తక్కువైందని చెప్పింది, మిగతా సగం ఆమె నోటికి అందించింది. ముసలామె కళ్ళు మూసుకుని మింగి, ఇంకొకటి పెట్టమని నోరు తెరిచింది. బయట నడవలో మరో నలుగురు గిన్నెలు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడి ఉన్నారు.